అడ్తి దుకాణానికి సాఫ్ట్‌వేర్: 180 గంటలు అనుకుంటే 463 అయిన లెక్క

హనుమకొండ నయీంనగర్‌లో ఒక గది, ఇద్దరం, రెండు ల్యాప్‌టాప్‌లు. మొదటి కస్టమర్ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రైతుల పత్తి, మిర్చి అమ్మిపెట్టే ఒక అడ్తిదారు. తక్‌పట్టీలు (తూకం, ధర, కోతలు రాసి రైతుకిచ్చే చీటీలు), రైతుల ఖాతాలు, మిత్తి లెక్కలు కంప్యూటర్‌లోకి రావాలన్నాడు. 2023 సెప్టెంబర్‌లో మొదలుపెడితే 2024 మార్చిలో తేలింది.

ఇలాంటి పని ఒప్పుకునేవాళ్లు మా తప్పులు మళ్లీ చేయకుండా ఉంటారని గంటలు, రూపాయలు దాచకుండా రాస్తున్నాను. సేటు పేరు, దుకాణం నంబర్ ఇక్కడ అనవసరం.

దశ 0: కొటేషన్ (2023 సెప్టెంబర్)

సేటుతో ఫోన్‌లో 40 నిమిషాలు మాట్లాడి, ఆ రాత్రే ఇది పంపాం:

1. ఎంట్రీ స్క్రీన్: 40 గంటలు
2. తక్‌పట్టీ ప్రింట్: 20
3. ఖాతాలు, మిత్తి: 50
4. రిపోర్టులు: 40
5. టెస్టింగ్: 20
6. దుకాణంలో ఇన్‌స్టాల్ చేయడం: 10

మొత్తం 180 గంటలు, ₹1,20,000. అడ్వాన్స్ 30 శాతం, స్క్రీన్లు చూపించాక 40, పని పూర్తయ్యాక 30.

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, సేటు తక్‌పట్టీ రాసి పదేళ్లయింది. రాసేది గుమస్తా, ఆయనతో మేం ఒక్క మాట మాట్లాడలేదు. రెండోది, 'పని పూర్తయ్యాక' అన్న మాటకు అర్థం ఎవరూ రాయలేదు. దాని దెబ్బ మార్చిలో తగిలింది.

రిజిస్ట్రేషన్ కాగితాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించడానికి ఒకాయన మమ్మల్ని ₹2,500 అడిగాడు. అది ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఆధార్ దగ్గర పెట్టుకుంటే పావుగంట పని. సేవలు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ ₹20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి దాని జోలికి పోలేదు.

దశ 1: గుమస్తా పక్కన మూడు రోజులు

అడ్వాన్స్ తీసుకున్నాక దుకాణానికి వెళ్లాం. ధర చెప్పకముందే వెళ్లాల్సింది.

గుమస్తా కాకకు అరవై దాటాయి. దడ్వాయి (తూకం వేసే మనిషి) తెచ్చిన కాంటా చీటీ ఎడమ చేతిలో, పెన్ను కుడి చేతిలో. స్టాప్‌వాచ్ పెట్టి 20 తక్‌పట్టీలు చూశాం. సగటున ఒక్కోదానికి 48 సెకన్లు. కాలిక్యులేటర్ మీద వేళ్లు చూడకుండానే ఆడుతున్నాయి.

"మీ మిషన్ దీనికన్నా జల్ది చేస్తదా బిడ్డా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాం.

మూడు రోజుల్లో ఇంటికి తెచ్చుకున్నది 34 కాగితాల ఫొటోలు. ఫోన్ మాటల్లో రాని సంగతులన్నీ వాటిలో ఉన్నాయి: గోనె తరుగు ఎక్కడ తీస్తారు, హమాలీ ఏ వరుసలో వస్తుంది, ఒకే రైతు సరుకులో తాలు (నాసిరకం కాయ) వేరే ధరకు పోతే రెండు లైన్లా, రెండు చీటీలా.

ఇప్పటిదాకా: 22 గంటలు. వచ్చింది ₹36,000. ఖర్చు ₹620.

దశ 2: ఎంట్రీ స్క్రీన్ (అక్టోబర్)

అప్పుడే పత్తి రావడం మొదలైంది. మొదటి స్క్రీన్ తీసుకెళ్లి కాకకు ఇచ్చాం. ఒక తక్‌పట్టీకి పట్టిన టైమ్ 2 నిమిషాల 10 సెకన్లు. ఆయన ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ పక్కకు జరిపి పుస్తకం తీశాడు. తిట్టినా బాగుండేది.

ఎందుకు అంత లేటవుతోందో ఫోన్‌లో వీడియో తీసి చూస్తే తెలిసింది. మా స్క్రీన్ ముందు రైతు పేరు అడుగుతోంది. కానీ కాక చేతికి వచ్చే కాంటా చీటీలో ముందు బస్తాలు, తర్వాత తూకం, చివర్న పేరు. పైగా ఆయన మౌస్ కోసం ప్రతిసారీ టేబుల్ మీద వెతుక్కుంటున్నాడు.

మార్చినవి:

1. కాంటా చీటీలో ఏ వరుస ఉందో స్క్రీన్ మీద అదే వరుస.
2. మౌస్ పూర్తిగా బంద్. ఎంటర్ కొడితే తర్వాతి గడి.
3. విడిగా నంబర్ ప్యాడ్, ₹450. కాలిక్యులేటర్ అలవాటు సూటిగా పనికొచ్చింది.
4. మిర్చి రకాలకు అంకెలు: 1 కొడితే తేజ, 2 వండర్ హాట్, 3 చపాటా, 9 తాలు.

మళ్లీ కొలిస్తే 1 నిమిషం 5 సెకన్లు. రెండు వారాల అలవాటు తర్వాత 39 సెకన్లు. పెన్ను కన్నా 9 సెకన్లు తక్కువ. మొత్తం ప్రాజెక్టులో పైసా ఎక్కువ పెట్టినా బాధపడని వస్తువు ఆ నంబర్ ప్యాడే.

ఇదే దశలో ఇంకో తప్పు. డబ్బును దశాంశాల్లో దాచాం. కంప్యూటర్‌కు 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, తోక మిగులుతుంది. అన్నీ పైసల్లో, తూకాలు గ్రాముల్లో పూర్ణ సంఖ్యలుగా మార్చాం. మొదట్లోనే చేసి ఉంటే గంట పని. తర్వాత చేస్తే 8 గంటలు పట్టింది.

ఇప్పటిదాకా: 93 గంటలు. వచ్చింది ₹36,000. ఖర్చు ₹1,070.

దశ 3: పేర్లు (కొటేషన్‌లో లేని దశ)

పాత ఖాతాలు ఎక్కించాలన్న సంగతి మాకు తట్టనే లేదు. సేటుకు మాత్రం అది చెప్పనక్కర్లేని విషయం. "పాత బాకీలు లేకుంటే ఖాతా ఎట్లయితది తమ్మీ?" అన్నాడు. ఆయనదే న్యాయం.

1,140 పేర్లు. ఒక్కోటి టైప్ చేసి, బాకీ సరిచూడటానికి 3 నిమిషాలు. అంటే 57 గంటలు. నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్‌కు మార్కెట్ బంద్ ఉంటే ఆ రోజంతా మేం ఖాతాలే కొట్టాం. ఓటేసి వచ్చి, మళ్లీ కూర్చున్నాం.

అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. ఒకే మనిషి మూడు చోట్ల కొమురయ్య, కొమ్రయ్య, కొంరయ్య. ఒకే ఊళ్లో ఒకే పేరుతో నలుగురు. ఫోన్ నంబర్‌తో వేరుచేద్దామంటే ఇంటికంతా ఒకటే ఫోన్. ఆధార్ నంబర్లు తీసుకుందామని మా వాడన్నాడు, నేను ఒప్పుకోలేదు. తక్‌పట్టీ కొట్టడానికి ఆధార్ ఎందుకు? రేపు ఆ ల్యాప్‌టాప్ పోతే జవాబు చెప్పాల్సింది మనం.

నాలుగు గంటలు తిన్న ఒక పురుగు (ప్రోగ్రాంలో తప్పు) గురించి చెప్పాలి. స్క్రీన్ మీద అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉన్న రెండు పేర్లను కంప్యూటర్ వేరువేరు అంటోంది. అక్షరాల కోడ్‌లు విడగొట్టి చూస్తే ఒకదానిలో కంటికి కనిపించని గుర్తు ఉంది. పొల్లు అక్షరం తర్వాతి హల్లుతో కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అది. ఫోన్ కీబోర్డులో కొట్టిన పేర్లలో వచ్చి కూర్చుంది. వెతికే ముందు దాన్ని తీసేయడం, సున్నాను, 'మ్'ను ఒకటిగా చూడటం అని రెండు నియమాలు పెట్టాక కొమురయ్యలు చాలావరకు దారికొచ్చారు.

ఇక ఒకే పేరున్న నలుగురి సంగతి కాకే తేల్చాడు. మేం ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అని మూడు గడులు పెట్టి చూపిస్తుంటే అడ్డం తగిలి, "214 కొట్టు" అన్నాడు. ఎర్ర ఖాతా పుస్తకంలో ఆ రైతు పేజీ నంబర్ అది. ఆయనకు అందరూ పేజీ నంబర్లతోనే గుర్తు. అప్పటిదాకా మేం కనిపెట్టడానికి తంటాలు పడుతున్న ఐడీ ముప్పై ఏళ్లుగా ఆ పుస్తకంలో ఉంది. 1,140 పేర్లు కలిపితే చివరికి 862 మంది రైతులు తేలారు.

ఇప్పటిదాకా: 189 గంటలు. వచ్చింది ₹36,000. ఖర్చు ₹1,980. కొటేషన్ గంటలు ఇక్కడే దాటిపోయాయి. ప్రింట్ అయిన తక్‌పట్టీలు: 0.

దశ 4: మిత్తి

రైతు జూలై 12న ₹40,000 తీసుకున్నాడు. నూటికి నెలకు రూపాయిన్నర. నవంబర్ 29న తక్‌పట్టీలో కోసుకోవాలి. మిత్తి ఎంత?

మా ప్రోగ్రాం: ఏడాదికి 18 శాతం, 140 రోజులు, 365తో భాగించు. ₹2,761.64.

కాక: నెలకు 600. నాలుగు నెలలకు 2,400. పదిహేడు రోజులకు 340. ₹2,740.

రైతుకూ నోటి లెక్కలో ₹2,740 అని తెలుసు. మన స్క్రీన్ ₹2,761 చూపిస్తే 21 రూపాయల కోసం దుకాణం ముందు పంచాయితీ అవుతుంది. మా లెక్క బ్యాంకు లెక్క, ఇక్కడి ఒప్పందం నెల లెక్క. నిండిన నెలలు వేరు, మిగిలిన రోజులు 30తో భాగించి వేరు అని తిరగరాశాం. మధ్యలో కొంత కట్టినవాళ్లకు ఎలా అన్నదానికి కాక పాత పేజీల్లోంచి 12 ఉదాహరణలు రాసుకుని, ఆ 12 సరిగ్గా వస్తేనే ముందుకు పోవాలని పెట్టుకున్నాం. మూడో ప్రయత్నంలో వచ్చాయి. ఈ ఒక్క దశలోనే మా అంచనా కాస్త దగ్గరగా ఉంది: 50 అనుకుంటే 58.

స్క్రీన్లు చూపించి రెండో విడత తీసుకున్నాం.

ఇప్పటిదాకా: 247 గంటలు. వచ్చింది ₹84,000. ఖర్చు ₹2,240.

దశ 5: ప్రింటర్ (డిసెంబర్, జనవరి)

ఈ దశలో 83 గంటలు పోయాయి. అందులో 61 గంటల పని మేమే చెత్తబుట్టలో వేశాం.

80 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్ ₹7,800 పెట్టి కొన్నాం. సేటును అడగకుండా, మా జేబులోంచి. తెలుగు పంపితే పిచ్చి గుర్తులు వచ్చాయి. మేం కొన్నదానిలో తెలుగు అక్షరాలు లేవు, కాబట్టి చీటీ మొత్తాన్ని బొమ్మగా గీసి పంపాలి. వెడల్పు 576 చుక్కలు. బొమ్మగా పంపితే ఒక చీటీకి 11 సెకన్లు. ఖాళీ జాగాలు కత్తిరించి, హెడ్డింగ్ ముందే గీసి పెట్టుకుని 5 సెకన్లకు తెచ్చాం. చాలా గర్వపడ్డాం.

దుకాణంలో ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లోంచి పాత తక్‌పట్టీ తీయడం చూశాక అనుమానం వచ్చింది. రైతులు చీటీని డబ్బు చేతికొచ్చేదాకా, కొందరు ఆ తర్వాత కూడా దాచుకుంటారు. ఆరు చీటీలు ఆరు చోట్ల పెట్టి 12 రోజులు చూశాం:

1. గదిలో డ్రాయర్: బాగుంది.
2. చొక్కా జేబు: అంచులు మసక.
3. స్కూటర్ డిక్కీ: కాగితం నల్లబారింది.
4. ప్లాస్టిక్ కవర్: అంకెలు సగం మాయం.
5. నూనె చెయ్యి తగిలింది: తగిలినచోట తెల్లగా.
6. కిటికీ ఎండ: చదవలేం.

థర్మల్ కాగితం మీద ఉండేది సిరా కాదు, వేడికి రంగు మారే పూత. ప్లాస్టిక్‌లోని మెత్తబరిచే రసాయనాలు, నూనె దాన్ని తినేస్తాయి. లక్షన్నర రూపాయల లెక్క ఉన్న కాగితం 12 రోజుల్లో మాయమైతే ఆ దుకాణం పరువేంటి?

సేటు అటక మీద పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉంది. కార్బన్‌తో మూడు కాపీలు వస్తాయి, సిరా పోదు. కానీ తెలుగును బొమ్మగా కొడితే ఒక చీటీకి 50 సెకన్లు, చెవులు పగిలే చప్పుడు. మళ్లీ కోడ్ మీద పడబోతుంటే కాక అన్నాడు: "పేరు నేను రాస్త. లెక్క మీ మిషన్ కొడ్తది. రెండు నిమిషాల పనికి గింత ఆగం ఎందుకు?"

అంతే. తెలుగు గడులన్నీ ప్రెస్సులో ముందే అచ్చువేయించాం, ఆ ఖర్చు సేటుది. ప్రింటర్ అంకెలు మాత్రమే కొడుతుంది, 7 సెకన్లు. పేరు పెన్నుతో. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు పెన్ను కూడా ఒక పరిష్కారమని తోచదు.

ఇప్పటిదాకా: 330 గంటలు. వచ్చింది ₹84,000. ఖర్చు ₹10,680 (ప్రింటర్ ₹7,800, రోల్స్ ₹640 కలిపి). థర్మల్ ప్రింటర్ ఇప్పుడు మా గదిలో పేపర్ వెయిట్.

దశ 6: బ్యాకప్

రోజూ సాయంత్రం డేటా ఫైల్‌ను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసేలా పెట్టాం. జనవరిలో ఒక రోజు ఆ కాపీని మా గదిలో తెరిస్తే మధ్యాహ్నం తర్వాతి 37 తక్‌పట్టీలు లేవు. దుకాణంలో మాత్రం అన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ రాయలేను.

కారణం చిన్నది. మేం వాడేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్. వాల్ పద్ధతి పెట్టుకుంటే కొత్త ఎంట్రీలు ముందు పక్కనున్న ఇంకో ఫైల్‌లోకి వెళ్లి, తర్వాత అసలు ఫైల్‌లో కలుస్తాయి. ప్రోగ్రాం నడుస్తుండగా అసలు ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే కలవని ఎంట్రీలు రావు.

మార్చిన పద్ధతి:

1. ఫైల్ కాపీ మానేసి 'వాక్యూమ్ ఇంటూ' ఆదేశంతో పూర్తి ప్రతి తీయడం.
2. ఆ ప్రతిని వెంటనే తెరిచి, చీటీల లెక్క అసలుతో సరిచూసుకున్నాకే 'బ్యాకప్ అయింది' అని చూపించడం.
3. రెండు పెన్ డ్రైవ్‌లు. ఒకటి దుకాణంలో, ఒకటి సేటు ఇంట్లో, రోజు మార్చి రోజు.

ఇప్పటిదాకా: 349 గంటలు. వచ్చింది ₹84,000. ఖర్చు ₹11,200.

దశ 7: పుస్తకం, కంప్యూటర్ పక్కపక్కన (ఫిబ్రవరి)

రిపోర్టులకు 40 గంటలు అనుకున్నాం, 9 పట్టాయి. సేటు చూసేది ఒకటే: ఈ రోజు ఎవరి దగ్గర ఎంత రావాలి. మిగతావి మేం ఊహించుకున్నవి.

తర్వాత ప్రతి తక్‌పట్టీ రెండు చోట్లా రాశాం. మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూనే. తేడాలు:

ఫిబ్రవరి 5: 61 చీటీలు, తేడా 14
ఫిబ్రవరి 6: 58లో 9
ఫిబ్రవరి 7: 66లో 9
ఫిబ్రవరి 8: 63లో 3
ఫిబ్రవరి 9: 70లో 1

మొదటి రోజు 14లో 8 పైసల తేడాలు. కోతలు ₹412.40, ₹87.40, ₹163.40 ఉంటే మేం కలిపి చివర్న పైసలు కొట్టేశాం: ₹663. కాక ప్రతి లైన్‌లో కొట్టేసి కలుపుతాడు: ₹662. ఆయన పద్ధతే పెట్టాం, రైతుకు రూపాయి మిగులుతుంది కూడా. రెండు సరుకు రకంలో మా పొరపాట్లు. మిగతా నాలుగు కాకవే, గోనె తరుగులో.

ఆ నాలుగు ముందుగా ఆయనకే, పక్కకు పిలిచి చూపించాం. అద్దాలు తీసి తుడుచుకుని, రెండుసార్లు కూడి, "నిజమే. సేటుకు చెప్పకుండ్రి, నేనే చెప్త" అన్నాడు. చెప్పాడు కూడా. ఆ రోజు నుంచి ఆయన మా మనిషి. అదే లిస్టు సేటు ముందు చదివి ఉంటే ప్రాజెక్టు అక్కడితో ఆగేది.

ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. అందరూ అటు పోతే మేం మిగిలిన తేడా వెతికాం. తాలు లైన్ రెండుసార్లు కొడితే హమాలీ కూడా రెండుసార్లు పడుతోంది.

ఇప్పటిదాకా: 422 గంటలు. వచ్చింది ₹84,000. ఖర్చు ₹11,900.

దశ 8: 'అయిపోయిందా?' (మార్చి)

చివరి ₹36,000 అడిగితే సేటు, "కాంటా నుంచి తూకం సీదా కంప్యూటర్‌లకు రావాలె కదా, అదెక్కడ?" అన్నాడు. కొటేషన్‌లో అది లేదు. లేదని కూడా రాసి లేదు. రెండు రోజులు మాటలు పెరిగాయి. చివరికి తెల్లకాగితం మీద ఒక లైన్ రాసుకున్నాం: 'వరుసగా 5 మార్కెట్ రోజులు పుస్తకానికీ కంప్యూటర్‌కూ తేడా సున్నా వస్తే పని పూర్తయినట్టు.'

మార్చి 4 నుంచి 7 దాకా సున్నా. 8న శివరాత్రి, మార్కెట్ బంద్. వరుస తెగినట్టేనా అని సేటు నవ్వుతూ అడిగాడు. 'మార్కెట్ రోజులు' అన్న మాట మమ్మల్ని కాపాడింది. 11న సున్నా. 12న డబ్బులు.

అప్పుడే ఇంకో ప్రశ్న వేశాడు: "ఇది నాదే కదా? పక్క దుకాణపోనికి ఇయ్యరు కదా?" ఇది కూడా ముందే రాసుకోవాల్సింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటివాళ్లతో కాంట్రాక్టు మీద ప్రోగ్రాం రాయిస్తే, హక్కు రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు అది రాసినవాళ్లదే. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్లు అని లెక్క. మేం ఇలా తేల్చుకున్నాం: డేటా మొత్తం ఆయనది, ఎప్పుడడిగినా ఎక్సెల్ ఫైల్‌గా ఇస్తాం. ప్రోగ్రాం మాది, ఆయన దుకాణంలో ఎన్నేళ్లైనా వాడుకోవచ్చు. పూర్తిగా ఆయనకే కావాలంటే ధర వేరు. ధర విన్నాక వద్దన్నాడు.

మార్పుల సంగతి. మొత్తం 17 అడిగారు. మొదటి 6 'చిన్నదే కదా' అని ఫ్రీగా చేశాం. ఏడోదానికి ఒక నోట్‌బుక్ పెట్టాం: తేదీ, ఎవరు అడిగారు, ఎన్ని గంటలు, ఎంత, సంతకం. తర్వాతి 11లో నాలుగింటిని ధర చూసి సేటే కొట్టేశాడు. ఏడు చేశాం, ₹18,000 వచ్చింది.

ఇప్పటిదాకా: 463 గంటలు. వచ్చింది ₹1,38,000. ఖర్చు ₹11,900. మిగిలింది ₹1,26,100, గంటకు ₹272. కొటేషన్‌లో మేం అనుకున్నది ₹667.

గంటలు ఎక్కడ పోయాయో విడదీస్తే: కొటేషన్‌లో అసలు లైనే లేని పనులు నాలుగు. దుకాణంలో కూర్చోవడం 22, పేర్లు 96, బ్యాకప్ 19, మార్పులు 41. మొత్తం 178. ప్రాజెక్టు మొత్తానికి మేం అనుకున్నదే 180.

దశ 9: రెండో కొటేషన్

ఏప్రిల్‌లో ఇంకో అడ్తి నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి ఫోన్‌లో ధర చెప్పలేదు. పంపిన కాగితం:

1. మూడు రోజులు గుమస్తా పక్కన కూర్చుంటాం, ₹6,000. పని మాకే ఇస్తే బిల్లులో తగ్గిస్తాం.
2. పాత ఖాతాలు ఎక్కించడం పేరుకు ఇంత అని విడిగా.
3. ప్రింటర్ మీరు కొనాలి, మేం చెప్పినది.
4. ఈ ధరలో లేనివి: కాంటా కనెక్షన్, మొబైల్ యాప్, వాట్సాప్ మెసేజ్‌లు.
5. పూర్తయినట్టు ఎప్పుడు: ఐదు మార్కెట్ రోజుల లైన్.

ఆయన మొదటి లైన్ దగ్గరే ఆగి, "కూసునుడుకు కూడా పైసలా?" అన్నాడు. మా గంటల లెక్క మొత్తం చూపించాం. చాలాసేపు చదివి, సోమవారం రమ్మన్నాడు.

మొదటి సేటు కాంటా పని కూడా విడిగా ఒప్పుకున్నాడు, డబ్బులిచ్చి చేయించుకునే ఎనిమిదో మార్పుగా నోట్‌బుక్‌లో సంతకం అయింది. కాంటా వెనక పాత సీరియల్ పోర్టు ఉంది. టేపుతో కొలిస్తే గుమస్తా టేబుల్ దాకా 22 మీటర్లు. ఆ రకం కేబుల్‌ను 15 మీటర్లు దాటించి నమ్మలేం. టేబుల్ ఏడు మీటర్లు జరపొచ్చా అని కాకను అడగాలి.